రెండువందల పన్నెండు గ్రాముల ఆయుధం

మా జిల్లాలో తుప్పును నిషేధించారు.

ఆ సంగతి తుప్పుకు ఎవరు తెలియజేశారో నాకు తెలియదు కాని, మాకు మాత్రం కరపత్రం వచ్చింది. కొత్తగా బదిలీ మీద వచ్చిన పెద్ద అధికారి ఒకాయన బాధ్యతలు స్వీకరించిన రోజున ఆయన కార్యాలయం గేటు తెరుచుకోలేదట. బందు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆయన కారు దిగి, గేటును స్వయంగా నెట్టి, అరచేతికి అంటిన ఎర్రటి మరకను కాసేపు చూసుకుని, "పరిపాలనకు అసలు శత్రువు ఇదే" అన్నారట. మర్నాటికి ఆ వాక్యం గోడలెక్కింది. వారం తిరిగేసరికి 'తుప్పు రహిత జిల్లా' అనే కార్యక్రమం పుట్టింది. బళ్ళలో పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించారు. మహిళా సంఘాల వాళ్ళకు ముగ్గుల పోటీ పెట్టారు. తుప్పును ముగ్గులో ఎలా చూపించాలో ఎవరికీ తోచక అందరం మామూలుగా నెమలినే వేసి, పక్కన ఒక మేకు గీశాం. నాకు మూడో బహుమతిగా స్టీలు గరిటె వచ్చింది.

ఇంతవరకు నాకే అభ్యంతరమూ లేదు. నేను బీయస్సీలో కెమిస్ట్రీ చదివినదాన్ని. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ చదువు చింతపండుతో రాగి చెంబు తోమేటప్పుడు తప్ప ఎక్కడా అక్కరకు రాలేదు. జిల్లా యావత్తూ ఉన్నట్టుండి నా సబ్జెక్టులోకి వచ్చి పడినందుకు లోపల్లోపల సంతోషించాను కూడా.

ఆ సంతోషం మా అత్తగారి పేర వచ్చిన రిజిస్టరు ఉత్తరంతో తీరిపోయింది.

మా అత్తగారి పేరు బంగారాయమ్మ. డెబ్భై ఆరేళ్ళు. ఆవిడ పేర ఒక రైఫిలు ఉంది. అది మా మావగారి తండ్రి తెచ్చినది. మా ఊరు కొండల కింద కావడంతో ఆ రోజుల్లో చెరకు తోటల్లో అడవిపందులు పడేవి. ఆయన వాటిని కాల్చేవారట. మా మావగారి హయాంలో అది రెండే రెండుసార్లు పేలింది. ఒకసారి పంది తప్పిపోయి మోటారు షెడ్డు మీద రేకు చిల్లి పడింది. రెండోసారి ఆ రేకే మళ్ళీ చిల్లి పడింది. ఆ తర్వాత ఆయన దాన్ని హాల్లో గోడకు తగిలించారు. ఆయన పోయాక లైసెన్సు అత్తగారి పేరుకు మారింది.

దానితో ఆవిడకున్న సంబంధం వేరు. కాపురానికి వచ్చిన కొత్తలో, మగవాళ్ళంతా పక్కూరు పెళ్ళికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం, నలుగురు మనుషులు గోడ దూకి పెరట్లోకి వచ్చారట. ఇంట్లో ఈవిడా, మంచాన పడ్డ అత్తగారూ. ఈవిడ గోడ మీది రైఫిలు తీసి అరుగు మీద నిలబడింది. అందులో తూటా లేదు. పైగా గొట్టం తన వైపే తిరిగి ఉంది. వచ్చినవాళ్ళు అది చూసి, "అమ్మా, అమ్మా, దించండమ్మా, మీకే తగులుద్ది!" అని దణ్ణాలు పెట్టి వెళ్ళిపోయారట. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఈవిడ మాటకు ఒక విలువ ఏర్పడింది. ప్రతి విజయదశమికీ దాన్ని దింపి పూజ చేస్తుంది. ఆ పూజ కాకుండా ఆవిడ ఆ రోజు మంచినీళ్ళు ముట్టదు.

మొన్న వేసవిలో ఎన్నికలొచ్చినప్పుడు ఎప్పటిలాగే రైఫిలును పోలీసు స్టేషన్లో అప్పగించాం. రసీదు ఇచ్చారు. 'తుప్పు పట్టిన పాత రైఫిలు ఒకటి. బరువు నాలుగు కిలోల మూడువందల పన్నెండు గ్రాములు.' తూకం కొత్త పద్ధతి. ఎక్కడో ఎవరి తుపాకీకో భాగాలు మాయమయ్యాయట. అందుకని ఎంత బరువు తీసుకుంటే అంత బరువే తిరిగి ఇవ్వాలని ఆదేశం వచ్చింది. ఎన్నికలైపోయినా మాది ఇంకా తిరిగి రాలేదు.

ఇప్పుడు వచ్చిన ఉత్తరం ఇలా ఉంది:

"తమరికి తెలియజేయునది ఏమనగా, తుప్పు రహిత జిల్లా కార్యక్రమంలో భాగముగా తమరి ఆయుధమును పరిశీలించగా, సదరు ఆయుధము ఆయుధముగా ప్రవర్తించు స్థితిలో లేదని గమనించడమైనది. కావున విజయదశమి లోగా సదరు ఆయుధమును తుప్పు రహితము గావించుకొననియెడల, ముందు రోజున జిల్లా కేంద్రమున జరుగు బహిరంగ సభయందు కొలిమిలో వేసి కరిగించబడును. తమరు సకుటుంబముగా విచ్చేయగలరు."

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"దహనానికి పిలుపు కూడానా, వకుళా?" అంది. "పద, చీర మార్చుకో."

*

మా స్టేషన్లో రైటరు పేరు వీరరాఘవులు. స్టేషన్లో రాతకోతలన్నీ ఆయనవే. ఏ మాటైనా ముందు కాయితం మీద పెట్టి, తర్వాత నోటితో చెప్పే అలవాటున్న మనిషి. ఆయన బల్ల వెనక కిటికీ ఊచలన్నీ ఎర్రగా పొలుసులు లేచి ఉన్నాయి. అత్తగారు ముందు వాటినే చూసింది.

"ఇదేంటి బాబూ, నిషేధం మీకు లేదా?"

"అది తుప్పు కాదు మామ్మగారూ, రంగు. పోయిన వారం తుప్పు రంగు వేయించాం. కింద ఏమున్నా పైకి రంగే కనపడాలని ఆర్డరు."

"సరే, మా రైఫిలు మాకిచ్చెయ్యి. నేనే బాగుచేయించుకుంటాను."

"ఇవ్వాలంటే అది పనిచెయ్యాలండి. పనిచేసేదానికే లైసెన్సు."

"పనిచెయ్యాలంటే బాగుచేయించాలి కదా. బాగుచేయించాలంటే నువ్వివ్వాలి కదా."

వీరరాఘవులు కలం మూత పెట్టి, ఇంత తేలికైన విషయం ఎందుకు అర్థం కాలేదో అన్నట్టు నా వైపు చూశాడు.

"అమ్మా, మీరు చదువుకున్నారు కదా, మీరు చెప్పండి. తుప్పు పట్టిన ఆయుధం బయటికి పంపితే నిషేధం ఉల్లంఘించినట్టు. అందుకని జిల్లా కేంద్రం నుంచి ఆర్మరర్‌గారే ఇక్కడికి వస్తారు. పోలీసు తుపాకులు బాగుచేసే ఆయన. కాకపోతే ఆయన రావాలంటే సంతకం కావాలి. పైన సారు కొలిమి పనుల మీద తిరుగుతున్నారు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"రాసేస్తానండి."

పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజులూ అత్తగారు రోజూ పదిన్నరకు స్టేషన్‌కి వెళ్ళి, వీరరాఘవులు ఎదురు కుర్చీలో కూర్చుని, చిక్కుడుకాయలు ఈనెలు తీసింది. మొదటి రెండు రోజులు ఆయన వద్దన్నాడు. మూడో రోజు నుంచి కొన్ని కాయలు ఆయనా తీశాడు.

*

ఆర్మరర్ డేవిడ్‌రత్నంగారు చేతిసంచీలో కిరసనాయిలు సీసా, ఇత్తడి బ్రష్షు, అవిసె నూనె, పాత బనీను గుడ్డలు వేసుకుని దిగారు. పొట్టిగా, నిదానంగా ఉన్నారు. స్టేషన్ వెనక వరండాలో కొత్త దినపత్రిక పరిచి, రైఫిలు దాని మీద పడుకోబెట్టి, పేషెంటును చూసే డాక్టరులాగా కొస నుంచి కొస దాకా తడిమారు. తర్వాత గోటితో గీకి వాసన చూశారు.

"ఇది తుప్పు కాదండి. కుంకం."

ఇంకో చోట గీకారు. "ఇది గంధం. దీని కింద మళ్ళీ కుంకం. ఈ జిగురేంటండీ?"

"కొబ్బరినీళ్ళయి ఉంటాయి," అంది అత్తగారు. "కొట్టగానే అభిషేకం చేస్తాను."

"పైనే పోస్తారా, గొట్టంలోకి కూడానా?"

"లోపల మాత్రం అమ్మవారు ఉండదా ఏంటి బాబూ?"

ఆయన గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి ఒక కన్ను మూసి చూశారు. ఆకాశం కనిపించలేదనుకుంటాను.

"ఎన్నేళ్ళ నుంచండి?"

"యాభై మూడు."

డేవిడ్‌రత్నంగారు రైఫిలు కిందపెట్టి, అత్తగారికి నిజంగానే రెండు చేతులూ జోడించారు. "నేను ముప్ఫయ్యేళ్ళ నుంచి చూస్తున్నానండి. యుద్ధంలో శత్రువుకి చిక్కిన తుపాకీ కూడా ఇంత కష్టపడి ఉండదు. తల్లీ, మీ భక్తి గట్టిదండి."

"అంటే, నేనే పాడు చేశానంటావా?"

"నేనట్లా అనలేదండి. మీరు పూజ చేశారు, అది మోక్షానికి వెళ్ళిపోయింది. వెనక్కి పిలుద్దాం."

మూడు రోజులు పిలిచారాయన. మొదటి రోజంతా కిరసనాయిల్లో నానబెట్టారు. రెండో రోజు బ్రష్షుతో, గుడ్డలతో, ఓపికతో రుద్దారు. పొర పొర కింద ఇనుము నీలంగా బయటపడింది. బిగుసుకుపోయిన బోల్టు, అంటే వెనక లాగి తూటా పెట్టే కడ్డీ, మూడో రోజు మధ్యాహ్నం 'టక్' మని కదిలింది. ఆ చప్పుడుకు ఎస్సైగారు లోపల్నుంచి బయటికి పరుగెత్తుకొచ్చారు. ఆ స్టేషన్లో తుపాకీ బోల్టు కదలడం తాను వచ్చాక అదే మొదటిసారని తర్వాత చెప్పారు.

అవిసె నూనె రాసిన కర్ర మీద ఒకచోట చెంప ఆనేమేర నున్నగా అరిగి ఉంది. అత్తగారు అక్కడ వేలు పెట్టి చూసింది.

"ఇది మా మావగారి చెంపే," అంది. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చాక గోడ మీద మేకు గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసింది.

*

నాలుగో రోజు తూకం వేశారు. నాలుగు కిలోల వంద గ్రాములు.

వీరరాఘవులు రసీదు చూశాడు. తక్కెడ చూశాడు. మళ్ళీ రసీదు చూశాడు.

"రెండువందల పన్నెండు గ్రాములు తక్కువుందండి."

"తుప్పు పోయింది కదా," అన్నాను నేను.

"పోవడం ఏంటమ్మా? ఎక్కడికి పోయింది? ఆయుధం మా అధీనంలో ఉండగా ఆయుధంలోంచి రెండువందల పన్నెండు గ్రాములు ఎక్కడికి పోయింది? ఉద్యోగాలు ఊడతాయమ్మా!"

డేవిడ్‌రత్నంగారు నెమ్మదిగా సంచీ తెరిచి, మడిచిన దినపత్రిక పొట్లం ఒకటి తీశారు. "నేను ఏదీ పారెయ్యనండి. గీకిందంతా ఇందులోనే ఉంది. అవిసె నూనె రాయకముందే దులిపి, కిరసనాయిలు ఇగిరేదాకా ఆరబెట్టాను."

పొట్లం కాగితం బరువు తీసేసి తూచారు. సరిగ్గా రెండువందల పన్నెండు. వీరరాఘవులు ఆ పొట్లాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఇద్దరు సాక్షుల్ని పిలిచి పంచనామా రాశాడు. 'ఎర్రని రంగు గల పొడి రూపములోనున్న ఆయుధ భాగము.' ఒక డబ్బాలో పోసి, గుడ్డ చుట్టి, లక్కతో సీలు వేశాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. నాకే నోరు ఆగలేదు.

"రాఘవులుగారూ, తుప్పు అంటే ఇనుము ఒక్కటే కాదండి. గాలిలో ఆక్సిజన్ కూడా కలుస్తుంది. ఆ డబ్బాలో ఉన్నదంతా మా రైఫిలు కాదు. కొంత గాలి, కొంత కుంకం."

ఆయన కలం మూత తీశాడు. "ఆక్సిజన్ ఎవరిదండి?"

"గాలిదండి. అంటే, అందరిదీ."

'ఆక్సిజన్ విషయమై స్పష్టత కోరవలెను,' అని రాసుకున్నాడు. 'కుంకుమ విషయమై దేవాదాయ శాఖ వారి అభిప్రాయము కోరవలెను.' కింద గీత గీశాడు.

ఆ రెండు వాక్యాల నుంచి వచ్చింది ముప్పు.

*

'తుప్పు రహిత జిల్లా' ప్రత్యేకాధికారి మమ్మల్ని స్వయంగా పిలిపించుకున్నారు. ఆయన గదిలో అన్నీ ప్లాస్టిక్కువే. కుర్చీలు, బల్ల, పెన్నుల స్టాండు, ఆఖరికి గడియారం. పక్కన ఒక ఫోటోగ్రాఫరు నిలబడి ఉన్నాడు. ఆయనకు వేరే పనేమీ ఉన్నట్టు లేదు.

"అమ్మా, మీ కేసు మా దృష్టికి రావడం జరిగింది," అన్నారు ప్రత్యేకాధికారి. "లోతుగా అధ్యయనం చేయడం జరిగింది. ఆక్సిజన్ మీద మాకు క్లెయిమ్ లేదు, అది విరాళంగా పరిగణించడం జరుగుతుంది. కుంకుమ మీద దేవాదాయ శాఖవారు, 'ఎర్రగా ఉన్నదంతా మాది కాదు' అని జవాబిచ్చారు. కనుక డబ్బాలో ఉన్న రెండువందల పన్నెండు గ్రాములూ ఆయుధమే అని తేల్చడమైనది."

"సంతోషం బాబూ," అంది అత్తగారు. "అయితే రెండూ ఇప్పించండి."

"అక్కడే చిన్న ఇబ్బంది. మీకున్నది ఒక్క లైసెన్సు. ఒక్క లైసెన్సుకు ఒక్క ఆయుధం. ఇప్పుడు రెండున్నాయి. ఒకటి డబ్బాలో, ఒకటి బయట. ఏది మీదో నిర్ధారించాలి." రసీదు చేతిలోకి తీసుకున్నారు. "ఇందులో మీరు సంతకం పెట్టిన వర్ణన ఏమిటి? 'తుప్పు పట్టిన పాత రైఫిలు.' బయట ఉన్నది చూశాను. తళతళలాడుతోంది. తుప్పు లేదు. పాతగా లేదు. వర్ణనతో ఏ విధంగానూ సరిపోలడం లేదు. డబ్బాలో ఉన్నది మాత్రం తుప్పు, పాతది, ఎక్కడా సందేహం లేదు."

నాకు అర్థమైంది. అత్తగారికి ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది.

"అంటే మా రైఫిలు డబ్బాలో ఉన్నదంటారా?"

"రికార్డు అంటోందమ్మా. మేమెవరం?"

"మరి స్టేషన్లో ఉన్నదెవరిది?"

"గుర్తు తెలియని రైఫిలు. అభ్యంతరాలు ఆహ్వానిస్తూ నోటీసు బోర్డులో పెట్టాం. ఎవరూ రాకపోతే ఎల్లుండి కొలిమికి."

"నేనొచ్చాగా!"

"మీ ఆయుధం మీకిచ్చేస్తున్నాం కదమ్మా. ఇంకోటి కూడా మీదే అంటే లైసెన్సు లేని ఆయుధం కేసవుతుంది. మీ మంచికే చెప్తున్నాను."

అప్పుడు ఫోటోగ్రాఫరు మొదటిసారి మాట్లాడాడు. "సార్, కొలిమిలో వేసేటప్పుడు ఇదొక్కటే బాగా పడుతుందండి ఫోటోలో. మిగతావన్నీ నల్లగా, అట్లకాడల్లాగ ఉన్నాయి."

ప్రత్యేకాధికారి ఆ విషయమే ఆలోచిస్తున్నట్టు తలాడించారు. నాకు మా కేసు తీర్పు ఎక్కడ రాయబడిందో అప్పుడు తెలిసింది.

బస్సులో అత్తగారు దారి పొడుగునా రసీదు విప్పి చూసుకుంటూ కూర్చుంది. దిగేటప్పుడు, "మావగారి చెంప కరిగించేస్తారటే," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

*

మర్నాడు తుప్పు అప్పగింత. వీరరాఘవులు బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి ఉంచాడు. ఎస్సైగారు టోపీ పెట్టుకుని కూర్చున్నారు. మూలగా గోడకు ఆనించి మా రైఫిలు, మెడలో 'గుర్తు తెలియనిది' అనే చీటీతో నిలబడి ఉంది. దాన్ని తీసుకెళ్ళే జీపు మధ్యాహ్నం రెండు గంటలకు వస్తుందన్నారు.

ముందు షరతుల కాగితం అత్తగారి ముందు పెట్టారు. తుప్పును తాళం గల పెట్టెలో ఉంచాలి. పిల్లలకు అందనివ్వకూడదు. ఎన్నికలప్పుడు తెచ్చి అప్పగించాలి. మూడేళ్ళకోసారి తనిఖీకి తేవాలి. ఏడో షరతు దగ్గర అత్తగారి వేలు ఆగింది.

"'లైసెన్సుదారు సదరు తుప్పును తుప్పు పట్టకుండా కాపాడుకొనవలెను.' ఇదేంటి బాబూ?"

"అచ్చు కాగితమండి," అన్నాడు వీరరాఘవులు. "ఆయుధం అన్నచోట తుప్పు అని మార్చాం. మిగతాదంతా మార్చడానికి అధికారం లేదు."

"తూచి తీసుకుంటాం," అన్నాను నేను.

"సీలు వేసి ఉంది కదమ్మా."

"తూకం వేసి ఇవ్వాలని మీ ఆదేశమే ఉంది కదండీ."

వీరరాఘవులు ఎస్సైగారి వైపు చూశాడు. ఆయన తలాడించారు. సీలు తీశారు. డబ్బాలోది తెల్ల గుడ్డ మీది పళ్ళెంలో పోశారు. సన్నటి ఎర్రటి పొడి, చూడటానికి కారప్పొడిలా ఉంది. తక్కెడ తేవడానికి కానిస్టేబులు పక్క గదిలోకి వెళ్ళాడు.

"ఉక్కగా ఉందండి," అన్నాను. "ఆ ఫ్యాను కొంచెం వేస్తారా?"

ఎస్సైగారు మర్యాద తెలిసిన మనిషి. స్వయంగా లేచి వేశారు. ఫ్యాను నిదానంగా తిరిగింది.

"కొంచెం పెంచండి, ఏమీ అనుకోకపోతే."

పెంచారు. తలుపు దగ్గర వీరరాఘవులు గొడుగు ఒకసారి దొర్లి పడింది. బల్ల మీది కాగితాలు లేచాయి. వాటిని పట్టుకోబోయి ఆయన చేతులు రెండూ అటు వెళ్ళాయి. పళ్ళెం మీంచి ఒక ఎర్రటి ధూళి లేచి, ఎస్సైగారి టోపీ మీదుగా, కిటికీ ఊచల్లోంచి, స్వేచ్ఛగా బయటికి వెళ్ళింది.

ఫ్యాను ఆపేసరికి తక్కెడ వచ్చింది. తూచారు.

రెండువందల తొమ్మిది.

మళ్ళీ తూచారు. రెండువందల తొమ్మిది.

"మూడు గ్రాముల ఆయుధం పోయింది సార్," అన్నాడు వీరరాఘవులు సన్నటి గొంతుతో. "పోలీసు స్టేషన్లోంచి. మీ ఎదురుగా. టోపీ మీద కొంచెం ఉందేమో చూడండి సార్."

ఎస్సైగారు టోపీ తీసి గుడ్డ మీద దులిపారు. అందులోంచి చుండ్రు తప్ప చెప్పుకోదగ్గదేమీ రాలేదు.

"పరారీలో ఉన్నట్టు రాయాలా సార్?"

"ఏయ్, ఏమీ రాయకు!" ఆయన నుదురు తుడుచుకున్నారు. "కిటికీ ఊచకి చాలా ఉంది కదయ్యా, అక్కడ మూడు గ్రాములు గీకు."

"అది రంగు సార్. రికార్డులో రంగు."

"బాబూ," అంది అత్తగారు. అప్పటిదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపుల్లో పెద్దముత్తయిదువలా కూర్చుంది. "మా వంశం తుప్పులో మీ కిటికీ తుప్పు కలుపుతారా? నేనొప్పుకోను. నా రసీదు నా దగ్గరుంది. ఆయుధం మీకు నిండుగా ఇచ్చాను. నాకు నిండుగా కావాలి."

"మామ్మగారూ, మూడు గ్రాములండి! చిటికెడు!"

"చిటికెడు ఆయుధం బయట తిరుగుతోందన్నమాట. పైన చెప్పాల్సిన విషయమే."

"మామ్మగారూ!"

"ఆ పెద్దాయన దగ్గరికే వెళ్తాను. మంచాయన, అంతా లోతుగా అధ్యయనం చేస్తాడు."

ఎస్సైగారు తలుపు దగ్గరగా వేశారు. గొంతు తగ్గించారు. "ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి. దండం పెడతాను."

అత్తగారు సంచీలోంచి రసీదు తీసి, బల్ల మీద నెమ్మదిగా చదును చేసింది.

"ఇందులో ఉన్నది నాలుగు కిలోల మూడువందల పన్నెండు. నువ్విచ్చేది రెండువందల తొమ్మిది. తక్కువ పడింది మూడు గ్రాములా, నాలుగు కిలోల నూటమూడు గ్రాములా? మీ రాఘవులు చేత లెక్క కట్టించు. ఆ మూలనున్న ఇనుప ముక్క కూడా తక్కెట్లో వేస్తే నా రసీదుకు దగ్గరికొస్తుంది. ఎవరిదో ఏమిటో నాకు తెలియదు, ఊరూ పేరూ లేనిది. నేను రైఫిలు అడగటంలేదు నాయనా. నాకు తూకం పూర్తి చెయ్యి, అంతే."

"అప్పటికీ మూడు గ్రాములు తక్కువే కదండి," అన్నాడు వీరరాఘవులు. ఎస్సైగారు ఆయన వైపు చూసిన చూపుకు ఆయన కలం దానంతటదే మూత పెట్టుకుంది.

"కొసరు వదిలేస్తాన్లే," అంది అత్తగారు. "నిండుగా ముట్టిందని సంతకం పెడతాను. పండగ పూట ఎవరి ఉద్యోగమూ పోకూడదు."

ఎస్సైగారు మూలనున్న రైఫిలు వైపు, తర్వాత గడియారం వైపు చూశారు.

"మరి జీపు వస్తే?" అన్నాడు వీరరాఘవులు.

"గుర్తు తెలియని రైఫిలును గుర్తించారు అని రాయి," అన్నారు ఎస్సైగారు. "ఎవరు అని రాయకు. ఫోటోకి మెరిసేది కావాలంటే మన స్టేషన్ గంట ఇచ్చి పంపు."

వీరరాఘవులు రాశాడు. 'తుప్పు పట్టిన పాత రైఫిలు ఒకటి, రెండు భాగములుగా, పూర్తి బరువుతో యజమానురాలికి ముట్టినది.' అత్తగారు గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. రైఫిలు మెడలోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టి, "మీదేదో మర్చిపోయారు," అని ఎస్సైగారికి ఇచ్చింది. ఏడో షరతు కింద కూడా సంతకం పెట్టింది.

"పట్టనివ్వను," అంది వీరరాఘవులుతో. "నీమీద ఒట్టు."

*

ఆటోలో మా ఇద్దరి ఒళ్ళో అడ్డంగా తువ్వాలు చుట్టిన రైఫిలు. డబ్బా నా హ్యాండుబ్యాగులో. జల్లు లోపలికి కొట్టకుండా డ్రైవరు రెండు పక్కలా పరదాలు దించాడు. చెంప ఆనే చోట తువ్వాలు తడవకుండా అత్తగారు అరచెయ్యి కప్పి ఉంచింది. కాలవ వంతెన దాటాక నా వైపు తిరిగింది.

"వకుళా."

"ఏంటండీ?"

"నాల్రోజుల నుంచీ ముసురు. పొద్దున నువ్వు చలేస్తోందని నా శాలువా కప్పుకొచ్చావు. ఇప్పుడూ కప్పుకునే ఉన్నావు."

"అవునండీ."

"మరి స్టేషన్లో నీకు ఉక్క ఎక్కడ పోసిందే?"

నేను పరదా సందులోంచి బయటికి చూశాను. అత్తగారు నా చెవి వైపే చూస్తోంది.

"పోనీ, ఉక్కే అనుకుందాం," అంది. "ఎస్సైగారు పాపం ఫ్యాను రెండులో వేశాడు కదా. ఇంకా పెంచమన్నావేం?"

"రెండులో ఏమీ కదల్లేదండీ."